బోరు మోటారు విడిభాగాలు: చెడిపోయాక మార్చాలా, ముందే మార్చాలా?

వరి చిరుపొట్ట దశలో ఉన్నప్పుడు మోటారు కాలిపోతే రైతుకు పోయేది రిపేరు ఖర్చు ఒక్కటే కాదు. మెకానిక్ దొరికి, మోటారు పైకి తీసి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి వారం దాటవచ్చు. ఆ వారంలో మడి నెర్రెలు బారితే తాలు గింజలు పెరుగుతాయి. అందుకే చాలామంది రైతులు "బాగున్నప్పుడే సామాను మార్పించుకుంటే పోదా?" అని అడుగుతుంటారు. మరికొందరు "నడుస్తున్న దాన్ని ఎందుకు కదిలించాలి?" అంటారు. భాగాన్ని బట్టి, పంటను బట్టి ఈ రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ భాగానికి ఏ మాట వర్తిస్తుందో రైతు తానే లెక్క వేసుకునే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ఈ ప్రశ్న వ్యవసాయానికి మాత్రమే పరిమితం కాదు. సికింద్రాబాద్ లాలాగూడలోని రైల్వే వర్క్‌షాపుకు బోగీలు చెడిపోయాకే రావు. నిర్ణీత గడువు పూర్తికాగానే వస్తాయి. చక్రాలు, బేరింగులు, బ్రేకులు విప్పి చూసి, అరిగినవి మార్చి పంపుతారు. అదే బోగీలో లైటు మాత్రం మాడిపోయాకే మారుస్తారు. బేరింగు దారిలో పోతే ప్రమాదం, లైటు పోతే కొంచెం ఇబ్బంది. రెండింటికీ ఒకే నియమం పెట్టరు. మన బోరు దగ్గర కూడా ఇలాగే ఆలోచించాలి.

ముందుగా అడగాల్సిన రెండు ప్రశ్నలు

ఏ భాగమైనా ముందే మార్చాలా వద్దా అని తేల్చే ముందు ఈ రెండు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఈ భాగం వాడేకొద్దీ అరుగుతుందా? లేక కొత్తదైనా పాతదైనా ఏదో దెబ్బ తగిలి పోతుందా?
2. పంట మధ్యలో ఇది పోతే అయ్యే మొత్తం నష్టం, ఖాళీ సమయంలో మార్చుకుంటే అయ్యే ఖర్చు కంటే చాలా ఎక్కువా?

రెండింటికీ "అవును" అని జవాబు వస్తేనే ముందే మార్చడం లాభం. ఒక్కదానికి "కాదు" అని వచ్చినా ఆ డబ్బు వేరే పనికి వాడుకోవడం మంచిది. 1960 నుంచి యంత్రాల నిర్వహణపై వచ్చిన గణిత పరిశోధనలు కూడా ఇదే చెబుతున్నాయి. అమెరికాలో రిచర్డ్ బార్లో, లారీ హంటర్ ఆ ఏడాది ప్రచురించిన లెక్కలు నేటికీ ఈ విషయానికి పునాదిగా ఉన్నాయి.

అరిగి పోయేవి, దెబ్బకు పోయేవి

అరిగి పోయేవి: సబ్‌మెర్సిబుల్ మోటారులోని బుష్‌లు, థ్రస్ట్ బేరింగు, పంపులోని ఇంపెల్లర్లు, సీళ్లు, వాచర్లు, బావి మోటారు ఫుట్ వాల్వు రబ్బరు, స్టార్టరులోని కాంటాక్టు పాయింట్లు. బోరులో ఇసుక వస్తుంటే బుష్‌లు, ఇంపెల్లర్లు ఇంకా త్వరగా అరుగుతాయి. వీటి వయసు పెరిగేకొద్దీ పోయే అవకాశం కూడా పెరుగుతుంది.

దెబ్బకు పోయేవి: ఫ్యూజులు, స్టార్టరు కాయిలు, పిడుగు లేదా ఎక్కువ వోల్టేజికి కాలే భాగాలు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి రెండు ఫేజుల మీద నడిచినప్పుడు కాలే వైండింగ్ కూడా ఇందులోకే వస్తుంది. నిన్న బిగించిన మోటారైనా, ఐదేళ్ల మోటారైనా ఒక ఫేజు పోతే కాలుతుంది. కొత్తది పెట్టినంత మాత్రాన రక్షణ రాదు. ఇక్కడ డబ్బు పెట్టాల్సింది రక్షణ పరికరాల మీద. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, మోటారు ప్లేటు మీద ఉన్న ఆంపియర్లకు సరిగ్గా సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే, మంచి ఎర్తింగు ఉండాలి.

రెండు రకాలుగానూ పోయేవి: కెపాసిటరు, కేబుల్ జాయింటు, వైండింగ్. ఇవి వేడికి, తేమకు నెమ్మదిగా బలహీనపడతాయి. చివరికి ఒక దెబ్బతో పోతాయి. వీటిని గడువు పెట్టి మార్చడం కంటే పరీక్ష చేయించి మార్చడం మేలు.

నాలుగు పద్ధతులు

మొదటి పద్ధతి: చెడిపోయాకే మార్చడం. భాగం ధర తక్కువ, మార్చడం సులువు, పోయినా పంటకు నష్టం లేదు అన్నప్పుడు ఇదే మంచిది. ఫ్యూజు తీగ దీనికి ఉదాహరణ.

రెండో పద్ధతి: వాడకం లెక్కతో మార్చడం. బిగించిన రోజు నుంచి ఇన్ని గంటలు లేదా ఇన్నేళ్లు నడిచాక, బాగున్నా సరే మార్చడం. మధ్యలో పోతే అప్పుడే మార్చి, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మూడో పద్ధతి: క్యాలెండరు ప్రకారం మార్చడం. ఎప్పుడు బిగించినా సరే, ప్రతి రెండో వేసవిలోనో మూడో వేసవిలోనో అన్నీ ఒకేసారి మార్చడం. లెక్క రాసుకోవడం సులువు. నలుగురు రైతులు కలిసి ఒకే రోజు మెకానిక్‌ను పిలిపించుకుంటే మోటారు ఎత్తే ఖర్చు తగ్గుతుంది. కానీ ఆరు నెలల కిందట వేసిన కొత్త బుష్ కూడా అనవసరంగా మారిపోతుంది. అందువల్ల ఇటీవల మార్చిన భాగాన్ని వదిలేసి మిగతావే మార్పించుకోవాలి.

నాలుగో పద్ధతి: గుర్తులు చూసి మార్చడం. ఆంపియర్లు, నీటి ధార, శబ్దం, మెగ్గర్ రీడింగు గమనిస్తూ, తేడా కనిపించినప్పుడు మార్చడం. రైతుకు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. అయితే క్రమం తప్పకుండా చూసి రాసుకునే అలవాటు ఉండాలి.

లెక్క ఎలా వేయాలి?

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి ఊహించి తీసుకున్నవి. మీ ఊళ్లోని ధరలు, మీ అనుభవం పెట్టి మళ్లీ వేసుకోండి.

ఒకే రకం మోటార్లు 10 ఉన్నాయనుకుందాం. బుష్‌లు, బేరింగు ఎవరూ ముందుగా మార్చకపోతే, 2 ఏళ్లు నిండేసరికి ఒకటి, 3 ఏళ్లకు మరొకటి, 4 ఏళ్లకు నాలుగు, 5 ఏళ్లకు మిగిలిన నాలుగు పోతాయనుకుందాం. వేసవిలో నింపాదిగా మార్చుకుంటే ఎత్తుడు కూలితో కలిపి ఒక్కోదానికి రూ.6,000 అవుతుంది. పంట మధ్యలో పోతే బుష్ అరిగి రోటర్ రాసుకుని వైండింగ్ కూడా కాలడం, వారం నీళ్లు లేక దిగుబడి తగ్గడం అన్నీ కలిపి రూ.24,000 నష్టం.

• చెడిపోయాకే మారిస్తే: 10 మోటార్లకు రూ.2,40,000 ఖర్చు. మొత్తం నడిచినది 41 ఏళ్లు. అంటే ఒక మోటారుకు ఏడాదికి సుమారు రూ.5,854.
• ప్రతి ఏడాదీ మారిస్తే: ఒక్కటీ పంట మధ్యలో పోదు. కానీ ఏడాదికి రూ.6,000 ఖర్చవుతుంది.
• 2 ఏళ్లకు మారిస్తే: ఒకటి పోతుంది, తొమ్మిది ముందే మారతాయి. రూ.78,000 ఖర్చు, 20 ఏళ్ల నడక. ఏడాదికి రూ.3,900.
• 3 ఏళ్లకు మారిస్తే: రెండు పోతాయి, ఎనిమిది ముందే మారతాయి. రూ.96,000 ఖర్చు, 29 ఏళ్ల నడక. ఏడాదికి సుమారు రూ.3,310.
• 4 ఏళ్లకు మారిస్తే: ఆరు పోతాయి, నాలుగు మారతాయి. రూ.1,68,000 ఖర్చు, 37 ఏళ్ల నడక. ఏడాదికి సుమారు రూ.4,541.

ఈ లెక్కలో 3 ఏళ్ల గడువు అన్నిటికంటే చౌక. రైతులు గమనించాల్సిన మరో సంగతి ఉంది. ప్రతి ఏడాదీ మార్చడం, అసలు ముందుగా మార్చకపోవడం కంటే కూడా ఖరీదైనది. "ఎంత త్వరగా మారిస్తే అంత మంచిది" అనుకోవడం సరికాదు.

ఇప్పుడు ఒక్క అంకె మార్చి చూద్దాం. బావి గట్టు మీద ఉన్న మోనోబ్లాక్ మోటారు, మెకానిక్ పక్క ఊళ్లోనే ఉన్నాడు, ఒక్క రోజులో పని అయిపోతుంది, పంటకు దెబ్బ లేదు. అప్పుడు చెడిపోతే అయ్యే నష్టం రూ.8,000 మాత్రమే అనుకుందాం. చెడిపోయాకే మారిస్తే ఏడాదికి సుమారు రూ.1,951. 3 ఏళ్లకు ముందే మారిస్తే సుమారు రూ.2,207. ఇక్కడ చెడిపోయేదాకా ఆగడమే లాభం. అరిగే భాగం అదే, అరిగే తీరు అదే. చెడిపోయినప్పటి నష్టం తగ్గడంతో నిర్ణయం మారిపోయింది. కాబట్టి పక్క రైతు చేసింది చూసి మనమూ అలాగే చేయకూడదు. ఆయన పంట వేరు, మన పంట వేరు.

ఏళ్లకంటే గంటలు ముఖ్యం

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. దాంతో ఒకే వయసున్న రెండు మోటార్లు నడిచిన గంటల్లో పెద్ద తేడా ఉండవచ్చు. యాసంగి వరికి 120 రోజులు రోజుకు 10 గంటలు నడిపితే 1,200 గంటలు. కూరగాయలు, పండ్ల తోటలకు ఏడాదిలో 300 రోజులు రోజుకు 5 గంటలు నడిపితే 1,500 గంటలు. రెండు కార్లూ వరి వేస్తే గంటలు మరింత పెరుగుతాయి. గడువు ఏళ్లలో పెట్టుకున్నా, గంటలు ఎక్కువైతే ఆ గడువును ముందుకు జరపాలి.

కరెంటు బిల్లు రాదు కాబట్టి అరిగిన పంపు ఎక్కువ కరెంటు తాగుతున్నా రైతుకు తెలియదు. అందుకే నీటి ధారను కొలిచి చూడాలి. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో నెలకోసారి చూసి రాసుకోండి. భూగర్భ జలం కిందికి పోయినా ధార తగ్గుతుంది. కాబట్టి గత ఏడాది ఇదే నెలలో ఉన్న లెక్కతో పోల్చాలి. చుట్టుపక్కల బోర్ల ధార బాగానే ఉండి, మీ బోరు ధార మాత్రమే తగ్గితే ఇంపెల్లర్లు అరిగినట్టు లేదా పైపు కారుతున్నట్టు అనుమానించాలి.

మోటారు పైకి తీసినప్పుడు ఏం చేయాలి?

బోరు మోటారు ఖర్చులో విడిభాగం ధర కంటే పైపులు ఎత్తి దించే కూలి చాలాసార్లు ఎక్కువ. ఏదో ఒక కారణంతో మోటారు పైకి వచ్చిందంటే ఆ ఎత్తుడు కూలి అప్పటికే అయిపోయినట్టే. అప్పుడు మిగతా అరిగే భాగాలను కూడా చూసుకోవడం తెలివైన పని. సగం కంటే ఎక్కువ అరిగినవి అప్పుడే మార్పించండి. ఉదాహరణకు, కేబుల్ జాయింటు కోసం మోటారు తీసినప్పుడు బుష్‌ల వదులు చూడాలి, షాఫ్టు చేత్తో తిప్పి చూడాలి, మోటారులో శుభ్రమైన నీళ్లు పూర్తిగా నింపి ఉన్నాయో లేదో గమనించాలి, పైపు మరలు, తాడు పరిశీలించాలి.

వైండింగ్ కాలిందని మోటారు తీసుకెళ్తే, వైండింగ్ ఒక్కటే చేయించి బుష్‌లు పాతవే వేయించుకోవడం మంచిది కాదు. వైండింగ్ కొత్తదైనా మోటారు వయసు తగ్గదు. అరిగిన బుష్‌ల వల్ల కొత్త వైండింగ్ కూడా త్వరలోనే కాలే ప్రమాదం ఉంది. ఎందుకు కాలిందో మెకానిక్‌ను తప్పక అడగండి. మూడు ఫేజుల్లో ఒక ఫేజు తీగలు నల్లబడకుండా మిగిలితే, లేదా ఒక్కటే నల్లబడితే, సాధారణంగా ఫేజు తేడా కారణం. మొత్తం సమానంగా నల్లబడితే ఓవర్‌లోడు లేదా నీళ్లు లేకుండా నడవడం కారణం కావచ్చు. కారణం సరిచేయకుండా రీవైండింగ్ చేయిస్తే అదే మళ్లీ జరుగుతుంది.

రీవైండింగా, కొత్త మోటారా?

దీనికి కూడా ఏడాది ఖర్చు లెక్కే ఆధారం. ఊహకు ఒక అంకె తీసుకుందాం. పాత మోటారుకు రీవైండింగ్ రూ.7,000, మళ్లీ ఒక ఏడాదే నడిచేలా ఉంది. కొత్త పంపుసెట్టు రూ.32,000, ఎనిమిదేళ్లు నడుస్తుందని అంచనా. కొత్తదానికి ఏడాదికి రూ.4,000 పడుతుంది, పాతదానికి రూ.7,000, పైగా మధ్యలో ఆగినప్పుడు పంట నష్టం. మోటారు కాలే మధ్య కాలం తగ్గుతూ వస్తోందంటే, అంటే మొదట నాలుగేళ్లకు, తర్వాత రెండేళ్లకు, ఆ తర్వాత పది నెలలకు కాలిందంటే, కొత్తదానికి సమయం వచ్చిందని అర్థం.

చిన్న రైతు చేతిలో ఒకేసారి అంత డబ్బు ఉండకపోవచ్చు. అప్పుడు రీవైండింగ్ చేయించి ఈ పంట గట్టెక్కించుకోవడం తప్పేమీ కాదు. కానీ దాన్ని ఒక పంటకు కొనుక్కున్న గడువుగా చూసి, ధాన్యం అమ్మిన డబ్బులోంచి కొత్త మోటారుకు ముందే కొంత పక్కన పెట్టుకోవాలి. అప్పు చేసి నడి సీజనులో కొనే పరిస్థితి రాకుండా ఉంటుంది.

ఏ భాగానికి ఏ పద్ధతి?

• ఫ్యూజు తీగ: పోయాకే మార్చాలి. సరైన సైజు తీగ ఇంట్లో ఉంచుకోవాలి. రాగి తీగ మెలిపెట్టి వేయకూడదు.
• స్టార్టరు కాయిలు: పోయాకే మార్చాలి. ధర తక్కువ, కానీ లేకపోతే మోటారు ఆగిపోతుంది. ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మేలు.
• కాంటాక్టు పాయింట్లు: ప్రతి సీజను ముందు చూడాలి. గుంటలు పడితే, నల్లబడితే మూడూ కలిపి మార్చాలి. ఒక్కటే మారిస్తే స్పర్శ సమానంగా ఉండదు.
• కెపాసిటరు: ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. ఉబ్బినా, నూనె కారినా వెంటనే మార్చాలి.
• బుష్‌లు, థ్రస్ట్ బేరింగు: పంట నష్టం ఎక్కువగా ఉండే బోర్లకు వాడకం గడువుతో మార్చాలి. ఇసుక వచ్చే బోరుకు గడువు తగ్గించాలి. మోటారు పైకి వచ్చిన ప్రతిసారీ చూడాలి.
• ఇంపెల్లర్లు: నీటి ధార లెక్క చూసి మార్చాలి.
• వైండింగ్: గడువు పెట్టి మార్చేది కాదు. మెగ్గర్ రీడింగు ఒక మెగా ఓమ్ కంటే తగ్గినా, ప్రతిసారీ తగ్గుతూ వస్తున్నా జాగ్రత్తపడాలి.
• ఫుట్ వాల్వు రబ్బరు, డ్రిప్ గ్రోమెట్లు, వాచర్లు: కారినప్పుడు మార్చాలి. ధర తక్కువ కాబట్టి కొన్ని అదనంగా కొని ఉంచాలి.

మార్చడానికి మంచి సమయం

యాసంగి వరి కోతలు అయ్యాక, వానాకాలం నారు పోయడానికి ముందు, అంటే మే నెలలో వరి రైతుకు కొంత ఖాళీ ఉంటుంది. ఆ సమయంలో పని పెట్టుకోవాలి. మామిడి, బత్తాయి, కూరగాయల రైతులకు మే నెలలోనే నీటి అవసరం ఎక్కువ. వాళ్లు వానలు బాగా పడే రోజుల్లో చేయించుకోవాలి.

నారు పోసే ముందు రోజు వరకు ఆగకండి. కొత్తగా బిగించిన భాగం మొదటి కొన్ని రోజుల్లో పోవడం కూడా మామూలే. జాయింటు సరిగా పడకపోవడం, బిగింపు తేడా, నాసిరకం సామాను దీనికి కారణాలు. కనీసం రెండు మూడు వారాల ముందే బిగించి, కొన్ని గంటలు నడిపి, ఆంపియర్లు చూసుకుంటే లోపం పంటకు ముందే బయటపడుతుంది. "నడుస్తున్న దాన్ని కదిలించొద్దు" అనే పెద్దల మాటలో ఉన్న నిజం ఇదే. కదిలిస్తే ఖాళీ సమయంలోనే కదిలించాలి.

సామాను కొనేటప్పుడు

మెదక్, సిద్దిపేట, మేడ్చల్, యాదాద్రి వైపు రైతులు, మెకానిక్‌లు మోటార్లు, బేరింగుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వస్తుంటారు. ఎక్కడ కొన్నా ఈ జాగ్రత్తలు పాటించాలి.

• సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 8034 నంబరు ఉన్నాయో లేదో చూడాలి.
• బీఈఈ స్టార్ లేబులు ఉన్న పంపు ఎంచుకోవాలి.
• పాత భాగాన్ని, మోటారు ప్లేటు ఫొటోను వెంట తీసుకెళ్లాలి.
• బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోవాలి. వారంటీలో ఉన్న మోటారును బయటి మెకానిక్‌తో విప్పించవద్దు.
• బోరు లోతు, నీటి మట్టం చెప్పి తగిన హార్స్ పవరు తీసుకోవాలి. అవసరానికి మించిన మోటారు పెడితే ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడి అందరి మోటార్లూ కాలే పరిస్థితి వస్తుంది.

ఆటో స్టార్టర్ల వల్ల కూడా ఇదే సమస్య. కరెంటు పోయి రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి మొదలై ట్రాన్స్‌ఫార్మరు మీద ఒత్తిడి పడుతుంది. 24 గంటల సరఫరా ఉన్నప్పుడు వాటి అవసరం లేదు. తీసివేయడం మంచిది.

భద్రత

స్టార్టరు డబ్బా విప్పే ముందు మెయిన్ స్విచ్ ఆపి ఫ్యూజులు తీసి చేతిలో పెట్టుకోవాలి. కెపాసిటరులో కరెంటు ఆపాక కూడా కొంతసేపు చార్జి ఉంటుంది, ముట్టుకోవద్దు. తడి చేతులతో, చెప్పులు లేకుండా స్టార్టరు తాకవద్దు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులు రైతులు వేయకూడదు. లైన్‌మన్‌ను పిలవాలి లేదా విద్యుత్ సమస్యల నంబరు 1912కు ఫోన్ చేయాలి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి

ఈ లెక్కలన్నీ మీ సొంత అంకెలతో వేసుకున్నప్పుడే పనికొస్తాయి. మోటారు కొన్న తేదీ, ఏ భాగం ఎప్పుడు మారింది, ఎంత ఖర్చయింది, ఎందుకు పోయింది, ఎన్ని రోజులు నీళ్లు ఆగాయి, డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండింది, ఆంపియర్లు ఎంత. ఇవి రాసుకుంటే చాలు. ఒక్క రైతు పుస్తకంలో రెండు మూడు సంఘటనలే ఉంటాయి, వాటితో గడువు తేల్చలేం. ఒకే లోతు, ఒకే రకం నేల, ఒకే హార్స్ పవరు ఉన్న పది మంది రైతులు కలిసి తమ లెక్కలు ఒకచోట పెడితే, పైన చూపిన లాంటి పట్టిక మీ ఊరికే తయారవుతుంది. రైతు వేదికలో జరిగే సమావేశానికి ఆ పుస్తకాలు తీసుకొస్తే మీ వ్యవసాయ విస్తరణ అధికారితో కలిసి లెక్క వేసుకోవచ్చు. పంటలకు నీటి అవసరం, కీలక దశల గురించి సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

గుర్తుంచుకోవాల్సినవి

• అరిగే భాగం, పైగా పోతే పంటకు పెద్ద నష్టం: గడువు పెట్టి ముందే మార్చండి.
• అరిగే భాగం, కానీ పోయినా నష్టం తక్కువ: పోయాకే మార్చండి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి.
• దెబ్బకు పోయే భాగం: ముందే మార్చి లాభం లేదు, రక్షణ పరికరం పెట్టండి.
• మోటారు పైకి వచ్చినప్పుడు మిగతా భాగాలు కూడా చూసుకోండి.
• మరీ త్వరగా మార్చడం కూడా నష్టమే.